పదకొండుసార్లు అడగని ప్రశ్న

పోయిన వారం అన్వితను ముందుగదిలో, తెరిచిన సొరుగు ముందు, చేతిలో ఒక ట్యాబ్‌తో వదిలిపెట్టాం. సరుకు వెంట లారీవాళ్లకిచ్చే బిల్టీల కోసం వెతుకుతుంటే అడుగున దొరికిందది. తెరిస్తే లోపల ఒక ఆట. ఆ ఆటలో భార్య పేరు అన్విత.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. అన్విత భర్త భార్గవ నూజివీడులో మామిడికాయల వ్యాపారి. రెండేళ్ల కిందట అక్షయ తృతీయ శుక్రవారం నాడు వాళ్ల గోదాము అంటుకుంది. లోపల ఉన్న భార్గవ తమ్ముడు కార్తీక్, ఇరవయ్యేడేళ్ల వాడు, మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. ప్యాకింగ్ మేస్త్రీ చార్లెస్ గడ్డిలో బీడీ పారేశాడని భార్గవ పోలీసులకు చెప్పాడు. చార్లెస్ ఇప్పుడు బెయిల్ మీద ఉన్నాడు. వచ్చే సోమవారం కోర్టులో భార్గవ సాక్ష్యం. ఆ మంట బీడీ వల్ల రాలేదన్న సంగతి ఈ భూమ్మీద తన ఒక్కదానికే తెలుసని అన్విత అనుకుంటోంది.

ట్యాబ్ దొరికిన నాలుగో రోజు, బుధవారం. జి. కొండూరు వైపు తోటలో కాయ కోయిస్తున్నారు, మధ్యాహ్నానికి వస్తానని చెప్పి భార్గవ పొద్దున్నే వెళ్లాడు. అత్తగారు ఊరెళ్లింది. అన్విత వంట ముగించి, పొయ్యి గట్టు తుడిచి, చెయ్యి పొడిగా ఒత్తుకుని, అప్పుడు కూర్చుంది ట్యాబ్ ముందు.

పెద్దలకు మాత్రమే అని ఆట మొదట్లోనే రాసి ఉంది. అది చూసి మొదటి రోజు ఆమె మూసేసింది. ఇవాళ మూయలేదు. ఆట అంటే పరుగులూ తుపాకులూ కాదు. బొమ్మల కథ. కింద మాటలు వస్తుంటాయి, చదువుతూ వేలితో తాకితే కథ నడుస్తుంది. ఒకచోట ఆగి, ఇప్పుడేం చేస్తావు అని అడుగుతుంది. రెండో మూడో దారులు చూపిస్తుంది. ఎంచుకున్న దారిని బట్టి ఆ మొగుడూ పెళ్లాల కాపురం ఒక్కో తీరుగా తేలుతుంది. పై మూలన ఒక చిన్న దీపం. ఇద్దరి మధ్యా నమ్మకం పెరిగితే వెలుగుతుంది, తగ్గితే మసకబారుతుంది. ఆడేవాడికి పేరు లేదు, కథంతా ‘నేను’ అనే సాగుతుంది. భార్యకు మాత్రం మనకి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు.

నడిచిన దారులు పసుపు రంగులో, నడవనివి బూడిద రంగులో చూపించే పటం కూడా ఒకటుంది. అందులో పడగ్గది బొమ్మలన్నీ తాళం గుర్తుతో ఉన్నాయి. దీపం బాగా వెలిగితే గాని ఆ తాళాలు తెరుచుకోవట. అన్విత వాటికేసి చాలాసేపు చూసింది. రెండేళ్లుగా ముందుగదిలో మడతమంచం మీద పడుకుంటున్న మనిషి, ఆటలో కూడా పడగ్గది దాకా వెళ్లలేదు.

కథను ఎక్కడైనా ఆపి, ఆ చోటు గుర్తుంచమని చెప్పుకునే వీలుంది. భార్గవ అలా గుర్తు పెట్టుకున్న చోట్లు వరసగా ఉన్నాయి. లెక్కపెట్టింది. పదకొండు. ఒక్కొక్కటీ తెరిచింది. పదకొండూ ఒకే చోటు.

వాన కురుస్తున్న సాయంత్రం. భార్య ఇంటికి ఆలస్యంగా వచ్చింది. కాళ్లకి చెప్పుల్లేవు. చీర అంచు తడిసి నేల మీద నీళ్లు కారుతున్నాయి. గుమ్మంలో నిలబడి, తల వంచుకుని ఉంది. కింద మూడు దారులు.

ఎక్కడికెళ్లావని అడుగు.
అడగకు.
అడక్కుండా తువ్వాలు అందించు.

పటంలో మధ్య దారి ఒక్కటే పసుపు రంగులో ఉంది. పదకొండుసార్లూ ఆ మనిషి ‘అడగకు’ అనే నొక్కాడు. ఆ దారి చివర ఏముందో అన్విత చూసింది. ఇద్దరూ ముసలివాళ్లవుతారు. ఒకే ఇంట్లో రెండు గదులు, రెండు బల్బులు, ఒక బల్బు ముందు ఆరిపోతుంది. అంతే. దాన్నే పదకొండుసార్లు చూశాడు. ఆఖరిసారి మొన్న ఆదివారం.

భార్య బొమ్మ కాళ్ల దగ్గర ఆ నీళ్ల మడుగును చూసి అన్విత ట్యాబ్‌ను కాస్త దూరం జరిపింది.

తెలుసు ఈయనకి, అనుకుంది. మొదట్నించీ తెలుసు.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. కాయల సీజన్‌లో గోదాములో నీళ్లు పొయ్యకూడదు. శుక్రవారం పూజకైనా సరే, తడిగుడ్డతో తుడిచి ముగ్గు పెట్టడమే. కాపురానికి వచ్చిన ఏడాదే అత్తగారు అహల్యమ్మ చెప్పింది. ఎందుకని అడిగితే, కాయని మాగబెట్టే కార్బైడ్‌కి తడి తగిలితే గాలి పుడుతుందమ్మా, నిప్పు తగిలితే గుప్పున లేస్తుంది, అంది. దాన్ని వాడకూడదని సర్కారు వాళ్లు ఎప్పుడో నిషేధించారు. గోనె సంచుల వెనక రెండు డ్రమ్ములు మాత్రం ఏటా ఉండేవి.

ఆ ఏడు అత్తగారు కంటి ఆపరేషన్‌కి బెజవాడలో ఉంది. పూజ పని అన్విత మీద పడింది. పొద్దున్నే గోదాము తలుపు తీసేసరికి కంపు. లక్ష్మీదేవి పటం కింద, గోనెల సందులో, పందికొక్కు చచ్చి ఉంది. అక్షయ తృతీయ, పైగా శుక్రవారం. చచ్చినది పడి ఉన్న నేల మీద తడిగుడ్డ వేసి ముగ్గు ఎలా పెడుతుంది ఏ ఇల్లాలైనా? డ్రమ్ములుండే మూల ఖాళీగా కనిపించింది. అయిపోయినట్టున్నాయి అనుకుంది. మూడు బకెట్ల పసుపు నీళ్లు పోసి, చీపురుతో తోసి కడిగింది. రెండు బకెట్లు కార్తీకే మోసుకొచ్చాడు.

“నువ్వెళ్లి ప్రసాదం పట్రా వదినా, ఈలోగా నేను హారతిచ్చేస్తా,” అన్నాడు. ఆమె ఇంటికి బయల్దేరుతుంటే, గాలికి కర్పూరం ఆరిపోకుండా షట్టరు సగానికి పైగా దించుకున్నాడు. పులిహోర గిన్నె పట్టుకుని మలుపు దాకా వచ్చిందో లేదో, చప్పుడైంది.

ఆమెను రెండేళ్లుగా తినేస్తున్నది ఆ చప్పుడు కూడా కాదు. అంతకు ముందు, కడుగుతున్నప్పుడు, వెల్లుల్లి వాసన వచ్చింది. తడిసిన కార్బైడ్ వాసన అచ్చం అలాగే ఉంటుంది. ముందు రోజు సాయంత్రమంతా ఆవకాయకి వెల్లుల్లి ఒలిచింది ఆమె. గోళ్లు వాసన చూసుకుంది. తన చేతులదే అనుకుంది.

బైటి గేటు చప్పుడైంది. అన్విత ట్యాబ్ దాచలేదు. భోజనాల బల్ల మీద, భార్గవ కూర్చునే చోట, కంచం పక్కనే పెట్టింది.

భార్గవ కాళ్లు కడుక్కుని, కండువాతో మెడ తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. కంచం వైపు చూశాడు. దాని పక్కనున్నది చూశాడు. కండువా చేతిలో అలాగే ఉండిపోయింది.

“సొరుగులోది ఎందుకు తీశావు?”

“బిల్టీల కోసం.”

“చూశావా?”

“చూశానండీ.” మామిడికాయ పప్పు వడ్డించింది. గరిటె కంచానికి తగిలి మోగింది. “పదకొండుసార్లు చూశాను.”

అతను అన్నంలో చెయ్యి పెట్టి, కలపకుండా ఉంచాడు.

“ఎప్పట్నుంచి తెలుసు మీకు?” అంది అన్విత.

“వాడు పోయిన నెలకి.”

“రెండేళ్లు. ఒక్కసారైనా అడగొచ్చుగా నన్ను?”

“ఏమని అడగను? అడిగితే నువ్వేం చెప్తావోనని ఆ బొమ్మనే అడగలేకపోయాను.” కంచంలోకే చూస్తూ అన్నాడు. “నువ్వే చెప్తావని చూశాను. సంవత్సరీకం నాడు చెప్తావనుకున్నాను. వాడి బట్టలు ఇచ్చేసిన రోజు చెప్తావనుకున్నాను. రాయిలా ఉన్నావు.”

“నా నోటితో ఎలా చెప్పనండీ? అత్తయ్య మొహం చూస్తూ చెప్పనా? కన్నకొడుకుని…”

“అమ్మకి కూడా తెలుసా?”

“తెలీదు. తెలిస్తే ఆవిడ ఈ ఇంట్లో నీళ్లు ముట్టేదా? వద్దని చెప్పిన మనిషి ఆవిడే. ఆవిడ ఊళ్లో లేనప్పుడే చేశాను. నా చేతులతో మూడు బకెట్లు పోసి కడిగాను. డ్రమ్ములు లేవనుకున్నానండీ. ఆ మూల ఖాళీగా ఉంది. నా మీద ఒట్టు, అక్కడ లేవు.”

భార్గవ తలెత్తాడు.

“ఏంటి కడిగావు?”

ఆ ప్రశ్న అతను అడిగిన తీరులో ఏదో ఉంది. కాళ్ల కింద మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టయింది అన్వితకు. అయినా నోరు అప్పటికే తెరుచుకుంది. రెండేళ్లు బిగబట్టినది ఇక లోపలికి పోదు.

“గోదామండీ. పందికొక్కు చచ్చిందని కడిగాను. తరవాత కార్తీక్ కర్పూరం వెలిగించాడు.”

ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. భార్గవ కళ్లు ఆమె మొహం మీదే ఉన్నాయి గాని, చూపు ఎటో పోయింది. ఏవో లెక్కలు సరిచూస్తున్నవాడిలా పెదవులు కదిలాయి.

“గోదాములోనే వెనక అరుగు కింద, పల్లంలో పెట్టించాను డ్రమ్ములు,” అన్నాడు చివరికి. “ముందు రోజే. తనిఖీలంటున్నారని.” ఆగాడు. “వాసన రాలేదా నీకు?”

“వచ్చింది. ఆవకాయ వెల్లుల్లి అనుకున్నాను.”

అతను కళ్లు మూసుకున్నాడు.

“మీరు… మీకు తెలుసన్నది ఇది కాదా?” అంది అన్విత. “మరి ఏం తెలుసు మీకు?”

భార్గవ ఎడమచేత్తో ట్యాబ్‌ను ఆమె వైపు నెట్టాడు. “ఈ నీలం తొడుగు నేను వేయించాను. తీసి చూడు. ఇది వాడిది.”

కార్తీక్ ట్యాబ్ గోదాములో అతనితో పాటే కాలిపోయిందని అందరూ అనుకున్నారు. అన్విత తొడుగు తీసింది. వెనక, మూల దగ్గర, కార్తీక్ అంటించుకున్న బంగినపల్లి స్టిక్కరు సగం చెరిగి ఉంది.

“వాడి మంచం పరుపు కింద దొరికింది. ఆ ఆట మొదలెట్టింది వాడు. పేరు పెట్టింది వాడు. నా పెళ్లాం పేరు. పడగ్గది బొమ్మలున్న ఆటలో.” ఒక్కో మాటా విడివిడిగా పడింది. “ఇప్పుడు చెప్పు. ఏం తెలియాలి నాకు?”

అన్విత చేతులు బల్ల అంచు పట్టుకున్నాయి. రెండేళ్లు. మడతమంచం. పక్కింటి వాళ్లు పేరంటానికి పిలిస్తే ‘నువ్వు వెళ్లు’ అనే ఆ పొడి మాట. ఇవన్నీ నీళ్లు పోసినందుకు పడుతున్న శిక్ష అనుకుని నోరు మూసుకుని అనుభవించింది. అది వేరే నేరానికి పడిన శిక్ష.

“నన్ను అడిగే పెట్టాడండీ,” అంది. “ఆ ముందు ఏడు, మన వసారాలో, ఆవకాయ ముక్కలు తుడుస్తున్నాం. వదినా, ఒక ఆటకి పేరు కావాలి, నీది పెట్టుకోనా అన్నాడు. దయ్యం ఆటైతే పెట్టుకో, మీ అన్నయ్య సంతోషిస్తాడు అన్నాను. మీరూ ఉన్నారక్కడ. నవ్వారు కూడా.”

“ఎలాంటి ఆటో తెలిసే పెట్టుకోమన్నావా?”

“మొన్న ఇది దొరికాకే తెలిసింది.”

“ఇంకేం లేదా?”

“ఏముంటుందండీ?” ఆమె గొంతు మొదటిసారి పైకి లేచింది. “చనిపోయిన పిల్లాడండీ వాడు. వాడి మనసులో ఏముందో వాడితోనే పోయింది. నా మనసులో ఏముందో రెండేళ్లలో ఒక్కపూట అడిగి ఉంటే చెప్పేదాన్ని.”

భార్గవ కుర్చీలో వెనక్కి వాలాడు. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని వదిలాడు. ఆ ఊపిరితో పాటు అతని భుజాలు దిగాయి, దవడ సడలింది. మొహంలోకి రంగు వచ్చింది. అన్విత ఆ మార్పు చూస్తూ నిలబడింది. ఏడుస్తాడనుకుంది. చెయ్యెత్తుతాడనుకుంది. తమ్ముడా అని అరుస్తాడనుకుంది.

“ఇంతేనా?” అన్నాడు భార్గవ.

“ఏంటండీ?”

“ఇంతేనా నువ్వు దాచింది? నీళ్లా?” అన్నం కలపడం మొదలుపెట్టాడు. పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు. నములుతూనే, “ఆ వడియాలు ఇటివ్వు,” అన్నాడు.

ఆమె కదల్లేదు. అతనే చెయ్యి చాపి తీసుకున్నాడు. ఆకలిగా తిన్నాడు. రెండేళ్లుగా ఆ కంచంలో సగం మిగిలిపోయేది. ఇవాళ మారు వడ్డించుకున్నాడు. పెరుగు దాకా వచ్చాక, గిన్నె అందిస్తున్న ఆమె మణికట్టు మీద వేళ్లు ఆనించి ఉంచాడు. వెచ్చగా ఉన్నాయి. అన్విత చెయ్యి వెనక్కి తీసుకుంది.

“మనిషి పోయాడండీ. నా వల్ల.”

“తెలిసి చేశావా? దేవుడి పని మీద చేశావు. వాడి రాత. ఇక ఆ మాట ఎత్తకు.”

“మరి చార్లెస్?”

“వాడికేం?”

“బీడీ పారేశాడని మీరే కదా చెప్పారు. సోమవారం కూడా అదే చెప్తారా?”

“తాగడా వాడు బీడీ?”

“ఆ రోజు తాగలేదు.”

“ఎవరు చెప్పారు?”

“నేను చెప్తున్నాను. మంట వచ్చింది కర్పూరం వల్ల.”

భార్గవ చెయ్యి కంచంలో ఆగింది. గొంతు పెంచలేదు. కాయ ధర తెగ్గొట్టేటప్పుడు ఎంత నెమ్మదిగా మాట్లాడతాడో అంతే నెమ్మదిగా అన్నాడు. “విను అన్వితా. కర్పూరం అంటే నీళ్లంటారు. నీళ్లంటే డ్రమ్ములంటారు. ఫైరింజన్ వచ్చేలోపు మిగిలిన డ్రమ్ము నేనే తీయించి తోటకి పంపించాను. అది తేలితే నేను లోపలికెళ్తాను. నువ్వూ వస్తావు. చార్లెస్‌కైతే మహా అయితే రెండేళ్లు. వాడి ఇల్లు నేను చూసుకుంటాను. నువ్వేం చెప్పలేదు, నేనేం వినలేదు. సరేనా?”

తెలియక పెట్టిన కేసు అది, ఇందాకటి దాకా. బీడీ అని భార్గవ నిజంగానే నమ్మాడు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక కూడా అదే మాట చెప్పబోతున్నాడు. చార్లెస్ మెడకి ఉరి పేనినవాడు భార్గవే అయినా, ఇందాక ముడి బిగించింది తన నోరే. చెప్పుకుని బరువు దించుకుందామనుకుంది. ఆ బరువు వెళ్లి ఇంకెవరి మీదో పడింది.

భార్గవ చెయ్యి కడుక్కోవడానికి పెరటి కుళాయి దగ్గరికి వెళ్లాడు. నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు. ఏదో కూనిరాగం కూడా వినిపించింది.

అప్పుడే గేటు దగ్గర ఎవరో దగ్గారు.

అన్విత వసారాలోకి వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, గేటు బయట, చార్లెస్. సీజన్‌లో ఎప్పుడూ గడ్డిపోచలు అంటుకుని ఉండే మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమెకు ఎదురుపడినప్పుడల్లా అలాగే పెట్టుకుంటాడు. మండుతున్న గోదాములోకి దూరి కార్తీక్‌ని బయటికి లాగిన చేతులవి. కాలిన వేళ్లు రెండు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కాయకి గడ్డి చుట్టడానికి ఇక పనికిరావు.

“అయ్యగారి కోసమా?” అంది.

“కాదమ్మగారూ. మీతోనే ఒక్కమాట.”

“చెప్పు.”

అతను అటూ ఇటూ చూశాడు. “నిన్న మా లాయరు గారు గుచ్చి గుచ్చి అడిగారండి. ఆ రోజు లోపలికి ఉరికినప్పుడు ఏం చూశావు, ఏం తొక్కావు, అన్నీ గుర్తు తెచ్చుకో అని. నేను గుమ్మం దగ్గరే జారి పడ్డానండి. మోకాలు ఇప్పటికీ నొప్పే. నేలంతా తడి. పసుపు తడి.”

అన్విత గేటు పట్టుకుంది. ఇనుము కాలుతోంది. వదల్లేదు.

“లాయరు గారికి చెప్పావా?”

“లేదండి. ఎవరికీ చెప్పలేదు. పోలీసులు కొట్టినప్పుడూ చెప్పలేదు.” చార్లెస్ నేల చూస్తూ మాట్లాడాడు. “ఆ పసుపు నీళ్లు ఎవరు పోస్తారో నాకు తెలుసు కదండి. మా పెద్దదానికి టైఫాయిడొస్తే మీరు ఇరవై రోజులు జావ కాచి పంపించారు. మీ పేరు నా నోట రాకూడదనుకున్నాను. కానీ అమ్మగారూ, సోమవారం అయిపోతే ఇక నేను ఏం చెప్పినా వినరంట. అందుకని వచ్చాను. మీరు చెప్పమంటే చెప్తాను. వద్దంటే…” వాక్యం అక్కడే ఆపేశాడు. ఆ మిగిలినది ఎలా పూర్తి చెయ్యాలో అతనికి నిజంగానే తెలియదు.

పెరట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది. కూనిరాగం కూడా.

అన్విత గడియ తీసింది.

“లోపలికి రా చార్లెస్.”

“వద్దండి. ఇక్కడే…”

“రా. ఎండలో ఎంతసేపు నిలబడతావు?”

పద్నాలుగేళ్లు ఆ ఇంటి కాయ ప్యాక్ చేసిన మనిషి వసారా దాటి ఎన్నడూ లోపలికి రాలేదు. చెప్పులు గుమ్మం పక్కన ఒకదాని మీద ఒకటి పెట్టి, తలుపు తగలకుండా భుజం ముడుచుకుని అడుగుపెట్టాడు.

హాలు మధ్యలో భార్గవ నిలబడి ఉన్నాడు. చేతులు తడిగానే ఉన్నాయి. వేళ్ల చివర్ల నుంచి గచ్చు మీదకి బొట్లు రాలుతున్నాయి. ఎంత విన్నాడో మొహం చూస్తే తెలియలేదు. అతను నెమ్మదిగా వాళ్లిద్దరినీ దాటుకుని వెళ్లి, వీధి తలుపు మూశాడు. గడియ పెట్టాడు. తిరిగి వచ్చి, తను రోజూ కూర్చునే కుర్చీని లాగి చార్లెస్ ముందుంచాడు.

“కూర్చో చార్లెస్,” అన్నాడు. ఆ గొంతు అంత మెత్తగా ఉండగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. “అమ్మగారిని ఇబ్బంది పెట్టకు. నీకేం కావాలో నాకు చెప్పు.”

చార్లెస్ కూర్చోలేదు. వెనక దాచుకున్న చేతులు ముందుకి తెచ్చాడు. అతుక్కుపోయిన వేళ్లతో కుర్చీ వీపును పట్టుకుని, భార్గవ వైపు కాకుండా అన్విత వైపు తిరిగి, ఆమె జవాబు కోసం నిలబడ్డాడు.